వీరాయమ్మ ఒంటరిగా లాగిన గూడు

కాట్రేనికోన దాటి సముద్రం వైపు పోతే, కొబ్బరితోటలు అయిపోయి, రొయ్యల చెరువులు అయిపోయి, ఇక మనిషి కట్టింది ఏదీ కనపడని చోట బురద మేట మొదలవుతుంది. ఆటుకి నీళ్ళు వెనక్కి తీశాయంటే కనుచూపు మేరా నల్లగా నిగనిగలాడుతూ పడి ఉంటుంది. అక్కడ పీతలు పట్టుకు బతికేవి తొమ్మిది ఇళ్ళు. ఒక్కో ఇంటికీ వల కట్టుకునే చోటొకటి, దాన్ని మాటు అంటారు. మాటుకొక గూడు. గూడంటే మేడలేం ఊహించుకోకండి. నాలుగు సరుగుడు కర్రలు, పైన తాటాకు, మూడువైపులా తడికలు, కింద రెండు తాటి దుంగలు, ఒకరో ఇద్దరో కాళ్ళు ముడుచుకుని కూర్చునేంత నీడ. అదీ లేకపోతే ఆ ఎండకి పీతల కంటే ముందు మనిషి ఉడుకుతాడు.

మేట మీద పాయ నెలనెలా పక్కకి జరుగుతుంది. అందుకని ప్రతి అమావాస్య పోటుకీ గూళ్ళన్నీ ఇసక దిబ్బకి తేల్చుకొచ్చి, మర్నాడు అక్కణ్ణుంచి పాయ కొత్త అంచుకి లాక్కుపోవాలి. ఏ ఇంటి గూడు ఆ ఇంటివాళ్ళే లాగాలి. బయటివాడి చెయ్యి పడిందా, మాటు ఆ చేతివాడిదైపోతుంది. జాలిపడి వేసిన చెయ్యైనా అంతే. అసలు జాలి పేరు చెప్పుకుని చేతులు వేసేవాళ్ళ కోసమే ఈ కట్టుబాటు పెట్టి ఉంటారు.

వీరాయమ్మ ఇంట్లో వీరాయమ్మ ఒక్కతే. మొగుడు పదకొండేళ్ళ కిందట పొగమంచులో మేట మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. మూడు రోజులు వెతికితే వల దొరికింది, మనిషి దొరకలేదు. చెయ్యవలసిన కర్మలన్నీ ఆ వలకే చేశారు. అప్పట్నుంచీ గూడు ఆవిడే లాక్కుంటోంది. కొంగు నడుముకి బిగించి, తాడు భుజాన వేసుకుని, బురదని తిట్టుకుంటూ లాగేది. ఆ తిట్లు వింటే మగాళ్ళు కూడా పక్కకి తప్పుకునేవాళ్ళు. అరవయ్యెనిమిదో ఏట తుంటి పట్టేసింది. ఆ ఏడు మార్గశిర అమావాస్య మర్నాడు గూడు అంచుకి చేర్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది, పోటు మొదలైపోయింది.

మరిది సత్యానందం అదంతా దిబ్బ మీద నుంచుని చూశాడు. మూడిళ్ళ అవతల కాపురం, వేరే మాటు, అయినా కన్ను మాత్రం ఈవిడ మాటు మీదే. సాయంత్రం వచ్చి ఎంతో మర్యాదగా, పెద్దదానివైపోయావొదినా, వచ్చే నెల నేనో చెయ్యి వేస్తానన్నాడు. నీ చెయ్యి సంగతి నాకు తెలుసులే, ముందు మీ ఆవిడకి నీళ్ళు తోడిపెట్టమందావిడ. అనడమైతే అనేసింది గానీ ఆ రాత్రంతా నిద్ర లేదు. మాటు పోతే రొయ్యల చెరువుల మీద కూలికెళ్ళి ఎవడో కుర్రాడి చేత ఏమే ముసలమ్మా అనిపించుకోవాలి. దానికంటే మేటలో కూరుకుపోవడం నయం.

మర్నాటి నుంచీ గూడు తేలిక చేసే పనిలో పడింది. దుంగలకి వేపనూనె రాసింది. పది బారలు జారి, బురద నూనెని నాకేసి మళ్ళీ పట్టేసుకుంది. దుంగల కింద అరటి బోదెలు చీల్చి కట్టింది. సగం దూరం హాయిగా వచ్చి ఆ తరవాత పీచుపీచైపోయాయి. అప్పుడు తట్టింది, తప్పు దుంగల్లోనే ఉందని. తాటిమాను బరువు, పైగా బురదలో దిగి కూర్చుంటుంది. రొయ్యల చెరువు గట్టున పారేసిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చి నిలువునా రెండుగా కోసి, దుంగలు పీకేసి ఆ రెండు చెక్కల్నీ వాటి చోట పెట్టింది. మేకులు కొడితే వాటి తలలు కింద గీసుకుంటాయని, కాల్చిన ఊచతో అంచుల్లో బెజ్జాలు పెట్టి నైలాన్ తాడుతో పైనుంచే బిగించింది. ముందు కొసలు పడవ మూతిలా పైకి లేపింది. కర్రలకి సగం ఎత్తున కట్టే లాగుడు తాడుని కిందికి, మొదట్లోకి మార్చింది. ఇన్నేళ్ళూ పైన కట్టి లాగడం వల్లే మూతి ముందుకి ఒరిగి బురదలో గుచ్చుకునేదట. మంచినీళ్ళ బిందె వెనక్కి జరిపింది. చదువుకున్నవాళ్ళైతే దీనికో పేరు పెట్టి ఉందురు.

పుష్యంలో వచ్చే చొల్లంగి అమావాస్య మర్నాడు తెల్లవారేసరికి పొగమంచు. చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు. తక్కినవాళ్ళు మంచు విడిచాక చూద్దామని దిబ్బ మీద చలి కాచుకుంటూ కూర్చున్నారు. వీరాయమ్మ ఆగలేదు. తాడు భుజాన వేసుకుంది. గూడు కదిలింది. పాలమీద మీగడ జరిగినట్టు, చప్పుడు లేకుండా కదిలింది. ఆవిడ తన పనికి తనే మురిసి ముందుకి నడిచింది.

సగం దూరం పోయేసరికి భుజం మీద తాడు వదులైంది.

నేల పల్లంగా ఉందేమో అనుకుంది. నడక పెంచింది. తాడు బిగుసుకోలేదు సరికదా, గూడు మూతి ఆవిడ మడమకి వచ్చి తగిలింది. ఇంకా వేగంగా నడిచింది. గూడూ వేగంగా వచ్చింది. ఆగింది. అదీ ఆగింది. మంచులో ఒక్క పిట్ట కూత లేదు, సముద్రం హోరు కూడా ఎవరో తలుపేసినట్టు ఆగిపోయింది. గూటి వెనక ఎవరో బరువుగా ఊపిరి తీసి వదిలిన చప్పుడు మాత్రం వినపడింది. వీరాయమ్మ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏం కనపడుతుందోనని కాదు, ఏమీ కనపడకపోతే ఏం చెయ్యాలో తెలియక. అలాగే అంచు దాకా నడిచి, తాడు దింపి, గూటికి వీపు పెట్టి కూర్చుంది.

ఎండ పొడిచాక అందరూ వచ్చారు. ముందొచ్చినవాడు సత్యానందం. డ్రమ్ము ముక్కలు గీసిన రెండు చారల మధ్య వీరాయమ్మ పాదాలు చిన్నగా పడి ఉన్నాయి. వాటిమీద, వాటిని తొక్కుకుంటూ, పెద్ద మగపాదాలు. వేళ్ళు లోతుగా దిగి, మడమలు తేలి ఉన్నాయి. బరువు తోసేవాడి అడుగులు. సత్యానందం మురిసిపోయి సెల్లో ఫోటో తీసి తెచ్చి పెద్దమనిషి జగ్గారావుకి చూపించాడు. ఎదురుగా అడుగులుండగా ఫోటో ఎందుకో వాడికే తెలియాలి.

జగ్గారావు ఆ అడుగుల వెంట వెనక్కి నడుచుకుంటూ వెళ్ళాడు. తిరిగొచ్చి చూసింది చెప్పాడు. అవి దిబ్బ దగ్గర మొదలవలేదు. మేట నడిమధ్య, నున్నటి బురదలో ఉన్నట్టుండి మొదలయ్యాయి. గూటి వెనక ఆగాయి. అక్కడినుంచి ఎటూ పోలేదు.

"వీరాయమ్మా, తోసిన మనిషెవరో పేరు చెప్పాలి. చెప్పకపోతే మాటు పోద్ది. కట్టుబాటు నేను పెట్టింది కాదు" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

పాత అడుగులేమో అనెయ్యమని పక్కనుంచి ఎవరో గొణిగారు. అబద్ధమాడి మాటు నిలబెట్టుకునే మనిషి కాదావిడ. అందులోనూ సత్యానందం పళ్ళికిలించుకుని నుంచున్నాడు. కానీ పేరు చెప్పడం చిన్న సంగతి కాదు. మేట మీద మంచు రోజున ఎవరూ ఎవరినీ పేరుపెట్టి పిలవరు. పిలిస్తే ఎవరు పలుకుతారో చెప్పలేమని భయం. పైగా యాభయ్యేళ్ళలో ఏనాడూ ఆవిడ నోట ఆ పేరు రాలేదు.

వీరాయమ్మ లేచి నిలబడి కొంగు సర్దుకుంది.

"సూర్యారావు" అంది. "మా ఇంటాయన."

సత్యానందం నవ్వబోయాడు, రాలేదు. "చచ్చిపోయినోడు ఇంటోడెలా అవుతాడండీ?" అన్నాడు జగ్గారావుతో.

"చచ్చిపోయేడా? నువ్వు చూసేవా? నువ్వు కొరివి పెట్టింది వలకి. మీ అన్నకి కాదు."

చూసినవాళ్ళు ఎవరూ లేరు మరి. తోసింది ఇంటివాడే కాబట్టి మాటు ఆ ఇంటిదేనని జగ్గారావు తేల్చేశాడు. సత్యానందం అడుగుల మీద కాలు పడకుండా చుట్టూ తిరిగి వెళ్ళాడు. ఇప్పటికీ వదిన ఇంటి వైపు రాడు.

మాఘ అమావాస్య మర్నాడు మంచు లేదు, ఎండ కాస్తోంది. వీరాయమ్మ డ్రమ్ము చెక్కలు కడిగి, ముడులు బిగించి, తాడు భుజాన వేసుకుంది. దిబ్బ దగ్గర్నుంచి సులువుగానే వచ్చింది. నడిమేట దాటాక ఒక్కసారిగా బరువెక్కింది. చెక్కలు జారుతూనే ఉన్నాయి, మూతి ఎక్కడా గుచ్చుకోలేదు. వెనక అడుగులు లేవు. పైకెక్కి కూర్చున్నంత బరువు. తడికల మధ్య నీడ మామూలు కంటే నల్లగా ఉంది.

ఇంటివాడికి గూట్లో కూర్చునే హక్కుంది. పదిమందిలో ఆవిడే ఇప్పించింది.

"కూర్చుంటే కూర్చున్నారు గానీ, బిందె తన్నకండి" అంది వీరాయమ్మ వెనక్కి చూడకుండా, తాడు రెండో భుజానికి మార్చుకుంటూ. అంచు ఇంకా చాలా దూరం ఉంది.