కార్బురేటర్‌లో మిగిలిన కాసింత పెట్రోల్

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! కల్లు మానినవాళ్ళ సాక్ష్యం విన్నారు, సారా మానినవాళ్ళ సాక్ష్యం విన్నారు, ఇవాళ పెట్రోల్ మానినవాడి సాక్ష్యం వినండి! నవ్వండి, ఫర్వాలేదు, నేనూ నవ్వుకుంటాను. ఆ రోజు మాత్రం నవ్వడానికి నాకు ఊపిరి మిగల్లేదు, ఎందుకంటే నా అంత తెలివితక్కువవాడు ఈ సికింద్రాబాదులో ఇంకొకడు లేడు.

నా పేరు ఏలీయా. కార్ఖానా ఏరియాలో పాత మోటారుసైకిళ్ళు బాగుచేస్తాను. కొత్త బండ్లకు కంప్యూటర్ ఉంది, ఆ కంప్యూటర్‌కు నాతో పని లేదు, కాబట్టి నా దగ్గరికి వచ్చేవన్నీ నా ఈడు బండ్లే, పొద్దున లేవగానే దగ్గేవే! కార్బురేటర్ అంటే తెలియని అక్కలకు ఒక్క మాట: అది బండికి ముక్కూ, నోరూ రెండూను. గాలినీ పెట్రోల్‌నూ కలిపి ఇంజనుకు తాగిస్తుంది. దాని అడుగున ఒక చిన్న గిన్నె, ఆ గిన్నెలో కాసింత పెట్రోల్, దాన్ని పైకి పంపడానికి జెట్ అనే ఇత్తడి ముక్క, ఆ ముక్కకు సూదిమొన పట్టేంత రంధ్రం. అందులో నలుసు పడితే బండి కదలదు. ఆ జెట్‌ను పెట్రోల్‌లో కడిగి, పెదాల మధ్య పెట్టి ఫూ అని ఊదడం మా మెకానిక్‌ల అలవాటు. ట్యాంకులోంచి పాత పెట్రోల్ తీయాలన్నా అంతే, రబ్బరు పైపు పెట్టి నోటితో లాగడమే. ఆ విధంగా నా నోటికి పని ఎక్కువ, బుర్రకు సెలవులు ఎక్కువ.

నా భార్య సుగుణ కాలితో తొక్కే గాలిపంపు ఒకటి కొని తెచ్చి, "గీ పంపుతోని ఊదుకోరాదయ్యా, నీ నోరేమన్న సర్కారీ నల్లానా?" అని అడిగింది. నేను దాన్ని షాపు గోడకు మేకు కొట్టి తగిలించి, దానిమీద నా తువ్వాలు ఆరేసుకున్నాను. పక్కన స్పేర్ పార్టుల కొట్టు గౌస్ భాయ్ అది చూసి, "మాషా అల్లా, మంచి హ్యాంగర్ తెచ్చింది భాభీ" అన్నాడు. మా నాయన ఊదాడు, నేను ఊదుతున్నాను, నాకేమవుతుందని గర్వం! సహోదరులారా, గర్వం కూడా నలుసులాంటిదే, ఎక్కడ ఇరుక్కుందో బండి ఆగేదాకా తెలియదు.

ఒక శనివారం మన సంఘపెద్ద యోహాను గారు కాప్రా నుంచి తన పాత బండిని ఆటో ట్రాలీలో వేయించుకుని వచ్చారు. ఎన్నాళ్ళనుంచో మూలన పడి ఉంది, ట్యాంకు నిండా తుప్పు, ట్యాంకులోంచి కార్బురేటర్‌కు పెట్రోల్ వదిలే ట్యాప్ పూడుకుపోయి చుక్క దిగడం లేదు. మర్నాడు ఆరాధనకు ఆ బండి మీదే రావాలని ఆయన పట్టు. నా నెత్తి మీదే స్టూలు వేసుకుని కూర్చున్నారు. నేను ట్యాంకులో పైపు పెట్టి, కళ్ళు మూసుకుని లాగుతుంటే, సరిగ్గా అప్పుడే ఆయన, "ఇంకెంతసేపయ్యా ఏలీయా? నువ్వు లాగేది పెట్రోలా, హుక్కానా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది! నవ్వేమో బయటికి రావాలి, ఊపిరేమో లోపలికి పోవాలి, మధ్యలో నోటి నిండా పెట్రోల్ ఉంది!

ఒక గుక్క లోపలికే పోయి గొంతులో నిప్పు పెట్టినట్టయింది. దగ్గు మీద దగ్గు, కళ్ళల్లో నీళ్ళు, ముక్కులో పెట్రోల్. గౌస్ భాయ్ ఉరికొచ్చి, "దవాఖానకు పోదాం పా భాయ్, మొహం నీలంగయితుంది" అన్నాడు. నేను చెయ్యి ఊపి ఏం లేదన్నాను. యోహాను గారు కంగారుపడి రెండు గ్లాసుల నీళ్ళు తాగించి, సాయంత్రం బండి ఇంటికి చేర్చమని చెప్పి వెళ్ళారు. ఆయన అటు పోగానే నేను చేసిన పని వినండి! కక్కేస్తే పోతుందని షాపు వెనక్కి పోయి గొంతులో వేలు పెట్టుకున్నాను. కడుపులో ఊరుకున్న పెట్రోల్‌ను పిలిచి మరీ ఊపిరితిత్తులకు దారి చూపించావని డాక్టరమ్మ తరవాత తిట్టింది. ఇంట్లో పిల్లలున్నవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోండి, పెట్రోల్ మింగినవాళ్ళను కక్కించకండి, దవాఖానకు తీసుకుపోండి.

మధ్యాహ్నానికి జ్వరం వచ్చింది, ఛాతీ పట్టేసింది, అయినా సుగుణకు ఫోన్ చేయలేదు, ఎందుకంటే చేస్తే పంపు సంగతి ఎత్తుతుంది! అలాగే ట్యాప్ కడిగాను, జెట్ కడిగాను, బిగించి, కొత్త పెట్రోల్ పోసి స్టార్ట్ చేస్తే బండి తియ్యగా పలికింది. దాని ఊపిరి బాగైంది, నాది పాడైంది. ఆపి, కాసేపు కూలబడి, పొద్దు వాలుతుండగా దాన్నే ఎక్కి బయలుదేరాను. దారిలో మిలిటరీ ఏరియా దాటాలి, అటు గోడ, ఇటు గోడ, పడితే లేపేవాడుండడు. నాలుగు ఊపిర్లకు ఒక్కటే లోపలికి పోతోంది. కార్ఖానా దాటకముందే బండి దగ్గి, మూలిగి, ఆగిపోయింది.

నేను కడిగిన కార్బురేటర్ నా కిందే ఆగిపోయిందని కోపం వచ్చింది. కిక్కు కొడదామంటే కాలు లేవలేదు. వంగి చూద్దామంటే కళ్ళకు చీకట్లు కమ్మాయి. హ్యాండిల్ మీద వాలిపోతూ, "ప్రభువా, బండి సంగతి తరవాత, ముందు నన్ను చూడు" అన్నాను. అంతవరకే గుర్తుంది. ఆగింది ఒక నర్సింగ్ హోమ్ గేటు ముందర! వాచ్‌మన్ చూసి లోపలికి మోసుకుపోయాడట.

తెల్లారేదాకా ఏమీ చెప్పలేమనీ, ఊపిరి ఇంకా తగ్గితే మిషన్ పెట్టాల్సి వస్తుందనీ డాక్టరమ్మ సుగుణతో చెప్పింది. ముఖం మీద ఆక్సిజన్ మాస్కు, మాట్లాడలేను, కానీ చెవులు పనిచేస్తున్నాయి. సుగుణ నా మంచం పట్టీ పట్టుకుని చేసిన ప్రార్థన నేను చచ్చేదాకా మరిచిపోను: "తండ్రీ, గీ మనిషి నా మాట ఇనడు, నీ మాటన్న ఇంటడేమో చూడు. మంటితోని మనిషిని జేసి ముక్కుల ఊపిరి ఊదినోడివి నువ్వే గదా! ఇంకొక్కపారి ఊదు తండ్రీ. నేను మల్ల పంపు సంగతి ఎత్తనే ఎత్త." ఏడుస్తూ ఏడుస్తూ ఆమె మళ్ళీ మళ్ళీ అదే అడిగింది, నేను మాస్కులో ఆమేన్ అన్నాను. ఎప్పుడో ఛాతీ మీదినుంచి ఎవరో బండరాయి దించినట్టయింది. తెల్లారి డాక్టరమ్మ వచ్చి మిషన్ అవసరం లేదన్నది! దేవునికి స్తోత్రం!

గౌస్ భాయ్ పండ్లు పట్టుకుని చూడ్డానికొచ్చి, మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు: "బండి నేను చూసిన, ఏం ఖరాబు గాలే భాయ్. ట్యాప్ బంద్ ఉండె. గిన్నెల ఉన్న పెట్రోల్ అయిపోంగనే ఆగింది. గింత పెద్ద మెకానిక్‌వు, ట్యాప్ తెరుసుడు మర్సినవా?"

పాత బండి కారుతుందని, ఆపినప్పుడల్లా ట్యాప్ మూయడం నా చేతి అలవాటు. బయలుదేరేటప్పుడు తెరవడం ఏనాడూ మరవలేదు, ఆ రోజు మరిచాను. తెరిచి ఉంటే ఆ మిలిటరీ గోడల మధ్య పడిపోయి ఉండేవాణ్ణి. నా తెలివి నన్ను చంపబోయింది, నా మరుపు నన్ను బతికించింది, నా మరుపును కూడా వాడుకున్న దేవునికే సమస్త మహిమ! మీలో ఎవరి బతుకు బండైనా నడిరోడ్డు మీద ఆగిపోయి ఉంటే దాన్ని తన్నకండి, తిట్టకండి, తలెత్తి ఎవరి గేటు ముందు ఆగిందో చూడండి. ఆ గేటు లోపల మీకోసం ఎదురుచూసేవాడున్నాడు, నమ్మండి!

ఇక ఆఖరి మాట. మొన్న యోహాను గారు అదే బండి తెచ్చి, "జెట్ మళ్ళీ పట్టేసిందయ్యా, ఫూ అని ఊదెయ్" అన్నారు. నేను తువ్వాలు తీసి, పంపు దించి ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, "డాక్టరమ్మ నా నోటికి రిటైర్మెంట్ ఇచ్చింది అయ్యగారూ, మీరే జెర తొక్కుండ్రి" అన్నాను. తెల్లచొక్కా తడిసేలా తొక్కారు పాపం. ఆగబోతే, "మీరు తొక్కేది పంపా, తబలానా?" అన్నాను. జెట్ నాలుగు తొక్కులకే శుభ్రమైంది, వెలుతురుకు పట్టి చూస్తే రంధ్రం నక్షత్రంలా మెరిసింది. అయినా నేను గంభీరంగా తల ఊపి, "ఇంకొంచెం అయ్యగారూ, ఇంకొంచెం" అంటూనే ఉన్నాను. ఆయన ముందు వరసలోనే కూర్చున్నారు, ఈ సంగతి ఆయనకు ఇప్పుడే తెలిసింది.