వరికి పనికిరాదని రాసిన మా సారు

మా సారు పోయారని మొన్న పొద్దున బీరంగూడలోని వాళ్లింటి నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. ఏ భూమిలో ఏ మట్టి ఉంది, అది దేనికి పనికొస్తుంది అని సర్వే చేసి చెప్పడం మా పని. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పని నాకు నేర్పింది ఆయనే.

ఏ ఊరు వెళ్లినా ఛాతీ లోతు గుంత తవ్వించి, ప్యాంటు మడిచి తానే దిగేవారు. గుంత గోడను కత్తి మొనతో గీకి పొరలు చూసేవారు. చిటికెడు మట్టి తడిపి వేళ్ల మధ్య సాగదీసేవారు. నేను గట్టు మీద నిలబడి మట్టి రంగు పుస్తకంలో రాసుకోబోతే, "పైనుంచే జూసి మట్టికి పేరు పెట్టకమ్మా, దిగు" అనేవారు. ఇప్పటికీ దిగుతాను. గుంత పూడ్చేటప్పుడు అడుగు మట్టి అడుక్కి, పై మట్టి పైకి వచ్చేదాకా అక్కడే ఉండేవారు. "మనం జూసినమని భూమి చెడొద్దు" అనేవారు.

గుమ్మడిదల వైపు ఒక ఊళ్లో లచ్చమ్మ అనే రైతుకు వాగు పక్కన ఎకరన్నర నల్లరేగడి ఉండేది. మంచి జాతి నేల. కానీ ఫ్యాక్టరీల నీళ్లు వాగులో కలిసి, ఆ నీళ్లే పొలానికి పారి, మట్టి మీద ఘాటు వాసనతో తెల్లటి పొర కట్టింది. పరీక్షిస్తే విషపు లోహాలు తేలాయి. సారు నమ్మలేక మళ్లీ నమూనాలు తీయించారు. ఫలితం మారలేదు.

ఆ మాట చెప్పడానికి ఆయనే వెళ్లారు. నేను వెంట ఉన్నాను.

"అమ్మా, గీ వడ్లు పిల్లలకు పెట్టకు. మట్టి ఖరాబయింది."

"గట్ల రాయకు సారూ. పనికిరాదని రాస్తే కంపెనోళ్లు గుంజుకుంటరు."

"ఆ నీళ్లు బంద్ చెయ్యాలని గూడ రాస్తున్న. బంద్ చేస్తే కొన్నేండ్లకు నేల తేరుకుంటది."

రెండూ రాశారు. పైవాళ్లకు మొదటిదే పనికొచ్చింది. 'వరికి పనికిరాదు' అన్నది 'సాగుకు పనికిరాదు' అయింది. ఆ తర్వాత పరిశ్రమల భూమి అయింది. "నేను వరికే వద్దన్న, నీళ్లు ఆపుమన్న" అని సారు ఆఫీసు ఆఫీసుకూ తిరిగి చెప్పారు. ఎవరూ కాదనలేదు. పొలంలో కంపెనీ షెడ్డు లేచింది. రిటైరయ్యాక కూడా, ఆ దారిన బస్సులో వెళ్తే ఆ షెడ్డు దాటేదాకా అటే చూసేవారు.

అంత్యక్రియలకు లచ్చమ్మ వచ్చింది. ఇప్పుడు ఆ షెడ్డులోనే ఊడుస్తోంది. సారు కాళ్ల దగ్గర కాసేపు నిలబడి, నా పక్కకు వచ్చింది.

"మీ సారు అబద్ధం రాయలే మేడం. రాస్తే నా భూమి నాకుంటుండె."

"భూమి ఉండుంటే, ఆ విషపు బియ్యం తినేదానివా లచ్చమ్మా?"

"ఇప్పుడు కొనుక్క తింటున్నం. గవి ఏ వాగు నీళ్లకు పండినయో ఎవలకెరుక?"

షిఫ్టు టైమైందని రోడ్డు మీదికి నడిచింది. కంపెనీ బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, బస్సు వాగు వైపు కదలకముందే కొంగుతో ముక్కు మూసుకుంది.