లిస్బన్, మాడ్రిడ్ మధ్య ఆ గంట

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. మేముండే లేబర్ క్యాంప్‌లో ఎవరైనా ఆ ముచ్చట ఎత్తితే, "వీసా లేకుండా దయ్యం ఖతర్‌కు ఎట్లొస్తదిరా?" అని ఆటపట్టించేవాణ్ణి. ఇది చదివి మీరు నవ్వినా తప్పుపట్టను.

ఫుట్‌బాల్ వరల్డ్ కప్ పనులు జోరుగా సాగుతున్న రోజులవి. దోహాలోని ముషైరిబ్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆఫీసులో టికెట్లు బుక్ చేయడం నా డ్యూటీ. చేరి మూడు నెలలే అయింది.

ఒకరోజు స్పెయిన్ ఇంజనీరు ఒకాయన నా దగ్గరికొచ్చాడు. ఎండలో కూలీలకు నీళ్ళు అందాయో లేదో స్వయంగా చూసుకునే మనిషి. వాళ్ళమ్మ చివరి ఘడియల్లో ఉందట. ఆమె ఉండేది ఒక దీవిలో. రేపు రాత్రికల్లా చేరకపోతే ఆఖరి చూపు దక్కదని చెప్పాడు.

దోహా నుంచి లిస్బన్‌కు ఒక్క సీటు దొరికింది. అక్కడి నుంచి మాడ్రిడ్ పోవాలి. మాడ్రిడ్ నుంచి దీవికి ఆఖరి విమానం సాయంత్రం ఆరున్నరకు. ఈ రెండూ ముందు బుక్ చేసేసి, మధ్య ప్రయాణం లెక్క వేశాను. నెట్‌లో చూస్తే రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం అయిదు వందల కిలోమీటర్లు, గంటా పదిహేను నిమిషాలు. మన హైదరాబాద్ నుంచి మద్రాసుకు పోయినంత. లిస్బన్‌లో నాలుగింటికి ఎక్కితే అయిదుంబావుకు దిగుతాడని ప్రింట్ తీశాను. ఇంత పెద్ద ఇండియాకే గడియారం ఒక్కటి, పక్కపక్కనున్న ఆ చిన్న దేశాలకు రెండెందుకుంటాయి అనుకున్నాను.

మధ్యాహ్నం, అందరూ భోజనాలకు పోయారు. కాగితం బల్ల మీద పెట్టి, నాలుగడుగుల దూరంలో నీళ్ళు తాగి వచ్చాను. కాగితం అంచున పెన్సిల్‌తో రెండు గడియారాలు గీసి ఉన్నాయి. ఒకదానిలో నాలుగు, రెండోదానిలో ఆరుంబావు. నా బల్ల మీద పెన్సిలే లేదు.

వెంటనే నెట్ తెరిచాను. మళ్ళీ చూసుకుంటే, మాడ్రిడ్ గడియారం లిస్బన్ కంటే గంట ముందుంది. నా లెక్కతో పోతే దిగిన పావుగంటకే ఆఖరి విమానం ఎగిరిపోయేది. గబగబా లిస్బన్‌లో మధ్యాహ్నం రెండింటికి బయలుదేరే విమానం బుక్ చేశాను.

టికెట్ తీసుకుపోవడానికి డ్రైవర్ యూసుఫ్ భాయ్ వచ్చాడు. ఆయనది నిజామాబాద్. ఆ కాగితం చూడగానే ఆయన మొహంలో రంగు మారింది.

"ఇది మా రాజన్న గీత! చదువురానోళ్ళకు సమజ్ కావాలని ప్రతి టికెట్ మీద గిట్లనే రెండు గడియారాలు గీసిచ్చేటోడు. నీకెక్కడిది భాయ్?"

"రాజన్న ఎవరు?"

"నీ కుర్చీల నీకంటే ముందు కూసున్నోడు. గుండె ఆగి పోయిండు. ఏడాదాయె."

ఎవరో ఆట పట్టించారని అనుకుందామంటే, తప్పు చేశానని నాకే తెలియదు, ఇంకొకరికి ఎలా తెలుస్తుంది?

ఇంజనీరు వేళకు చేరాడు. వాళ్ళమ్మ గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచిందట. తెల్లవారుజామున ఆమె కన్నుమూసింది. ఫోన్ చేసి ఏడుస్తూ, "ఇదంతా నీ దయ" అన్నాడు.

రాజన్నా, ఆ మాట నీది. నీకెలా అందించాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.