మొగిలి కనుమలో ముగ్గురం

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క మా చిత్తూరు బస్సులు బొగ్గుతో నడిచేవి. మొగిలి కనుమ ఎక్కలేక ఆయాసపడితే మేమంతా దిగి నడిచేవాళ్ళం. మా నాయనది ఒకచోట కాలు నిలవని తత్వం, నాది కుర్చీ వదలని తత్వం. ఆ రోజు రెండో మలుపుకే బస్సుకన్నా ఎక్కువ రొప్పాను.

పక్కన నడుస్తున్న తలపాగా పెద్దాయన నవ్వాడు.

"ఏమప్పా, మీ నాయన నీకు నడక నేర్పించలేదా?"

"నేర్పించినాడు పెద్దయ్యా. పోయిన నెల కాలం చేసినాడు."

ఇంట్లో ఆయన మాటెత్తితే అమ్మ ఏడ్చేది. అందుకే ఎవరమూ ఎత్తడం లేదు. ఇట్లాగే ఆయన్ను మరిచిపోతామేమోనని నా భయం.

"ఎట్లాంటి మనిషి? సెప్పు," అన్నాడు పెద్దాయన.

చెప్పాను. పొద్దు వాలేదాకా చెరుకుతోటలో ఒళ్ళు వంచి పనిచేసేవాడని, వాన పడితే తప్ప ఇంట్లో పడుకునేవాడు కాదని, మమ్మల్ని భుజాలమీద ఎక్కించుకుని సీతాఫలాలకు కొండెక్కేవాడని. చెబుతూ చెబుతూ నవ్వాను. నేను పేరైనా అడగని ఆ పెద్దాయనను నాయనతోపాటే ఈనాటికీ తలుచుకుంటాను.

పై మలుపులో బస్సు ఆగింది. "ఎక్కండప్పా!" అని కండక్టరు కేకేశాడు.

"నువ్వు కనుమ పైకి పోయి ఆపప్పా. మేం ముగ్గురం నడిసొస్తాం," అన్నాడు పెద్దాయన.

కండక్టరు మూడో మనిషి కోసం మా వెనక్కి చూశాడు. నేనూ చూశాను.