కాగితం చూసి అడిగిన ప్రశ్న

తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఎదుటి సీటు మీద ఒకామె గాజుల మలారం దింపింది. బండి ఊగినప్పుడల్లా ఆ మట్టిగాజులు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. నాకు ఆ చప్పుడు పదహారేళ్లుగా పడదు. దేవుణ్ణి, దయ్యాన్ని, జాతకాన్ని, ముహూర్తాన్ని నమ్మనివాణ్ణి. నమ్మేవాళ్లతో వేదికలెక్కి గొంతు చించుకున్నవాణ్ణి. అలాంటివాడు గాజుల చప్పుడుకి ముడుచుకుపోతాడంటే నవ్వొస్తుంది. నవ్వండి. కాని ముందు జిలానీ గారి సంగతి వినండి.

తెనాలి చుట్టుపక్కల కేబుల్ కనెక్షన్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆయన గొంతు వినబడే కాలం ఒకటుంది. ఆదివారం సాయంత్రాలు 'సరదా సంత' అనే కార్యక్రమం నడిపేవారు. పాటలు, మిమిక్రీ, గారడీ, మధ్యలో మామూలు మనుషులతో ముచ్చట్లు. వాళ్ల నాన్న పరుపులు కుట్టేవాడు. ఈయన ఏడో తరగతితో బడి మానేసి, ఆటోలో మైకు పట్టుకుని చీరల కొట్లకీ సినిమాహాళ్లకీ ప్రచారం చేసి, అక్కణ్ణుంచి టీవీలోకి వచ్చారు. జనాన్ని ఏడిపించి పేరు తెచ్చుకుంటాడని తిట్టినవాళ్లున్నారు. ఒకే సాయంత్రం పూజారినీ, పాస్టరునీ, మౌల్వీనీ అనుకరించి నవ్వించారని ముగ్గురూ కలిసి పోలీసు స్టేషనుకి వెళ్లారు. ఆయన నా దగ్గరికొచ్చి, “చూశారా హేతువాది గారూ! మూడు మతాలవాళ్లనీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టాను. మీ సంఘం ఇన్నేళ్లలో చెయ్యగలిగిందా?” అన్నారు.

నిజానికి మా పరిచయం తగాదాతోనే మొదలైంది. నేనప్పుడు ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. ఒక జ్యోతిష్కుణ్ణి కార్యక్రమానికి పిలిచారని తెలిసి, మేడమీద ఉన్న వాళ్ల స్టూడియోకి వెళ్లి అరగంటసేపు దులిపేశాను. ఆయన మొత్తం విన్నారు. “బాగా మాట్లాడారండి. కాని మీ మాటలు ముందు వరస వాళ్లకే అర్థమవుతాయి. వాళ్లు ఎలాగూ మర్యాదకి వింటారు. వెనక గోడకి ఆనుకుని ఒకావిడ నిలబడి ఉంటుంది చూడండి, ఆవిడతో మాట్లాడండి” అన్నారు. ఆ వారం నుంచే నేను ఆయనకి ప్రశ్నలు రాసిపెట్టేవాణ్ణయ్యాను. నా పొడుగాటి వాక్యాలు చదివి, “ఇందులో ఊపిరి తీసుకునే చోటేదండీ?” అని వెనక్కిచ్చేసేవారు. ఇవాళ నేను నలుగురికీ తెలిసేలా ఒక పేజీ రాయగలుగుతున్నానంటే ఆ మేడగదిలో నేర్చుకున్నదే. నేను రాసిచ్చిన కాగితం ఆయన ఒక్కసారి చదివి, మడిచి జేబులో పెట్టుకునేవారు. మళ్లీ చూసేవారు కాదు. కాగితం చూస్తే ఎదుటి మనిషి మొహం చూడలేమని ఆయన లెక్క.

నాగేంద్రమ్మని ఆ కార్యక్రమానికి తీసుకొచ్చింది నేనే. రేపల్లె అవతల సముద్రపొడ్డు పల్లె ఆమెది. భర్త వేటకెళ్లిన పడవ పదకొండు నెలలైనా తిరిగిరాలేదు. అంజనం వేసి చూసేవాడొకడు, నీ మొగుడు ఏదో లంకలో బతికే ఉన్నాడని చెబుతూ, అమావాస్య అమావాస్యకీ కోడీ చీరా పట్టుకుపోతున్నాడు. అతణ్ణీ ఆమెనీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి వాడి బండారం బయటపెట్టాలన్నది నా ఆలోచన. ప్రశ్నలన్నీ నావే.

“ఈ ఆఖరిది వద్దండి,” అన్నారు జిలానీ గారు కాగితం చదివి.

“ఏం సార్, నిజం చెప్పడానికి భయమా?”

“నిజం సంగతి కాదండీ. ఆవిడ చేతుల సంగతి.”

“అది లేకపోతే వాడు తప్పించుకుంటాడు.”

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నా చదువంటే ఆయనకి గౌరవం. ఆ గౌరవాన్ని నేను వాడుకున్నాను.

ఆఖరికి ఆ ప్రశ్న అడిగారు. “పడవ రాక పదకొండు నెలలైంది కదమ్మా. ఆయన లేడని మీ మనసుకి తెలుసు. మరి ఈ గాజులు ఎవరి కోసం?” నాగేంద్రమ్మ రెండు చేతులూ పైట కిందికి లాక్కుంది. “ఆయన కోసమే బాబూ,” అంది. అని, ఏడ్చింది. తెర వెనక నిలబడి నేను గెలిచాననుకున్నాను. అంజనం వేసేవాడు మర్నాడే ఇంకో ఊళ్లో దుకాణం పెట్టుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత జిలానీ గారు నా క్లాసు గుమ్మం దగ్గరికి వచ్చారు. అలా ఎప్పుడూ రాలేదు. “టీవీలో తేల్చేశారుగా అని వాళ్ల పెద్దలు రేపు గాజులు తీయిస్తున్నారటండి. మొగుడు పోతే ఆడదాని గాజులెందుకు తియ్యాలని మీరు పుస్తకమే వేశారు కదా. రండి, ఆ మాట అక్కడ చెబుదురుగాని. నేను చెబితే, మా ఆచారాలతో నీకేం పని సాయిబూ అంటారు.”

“రేపు బాపట్లలో సభ ఉంది సార్.”

“దేని గురించండి?”

“స్త్రీలు, మూఢాచారాలు.”

ఆయన నా మొహంకేసి చూశారు. ఎకసెక్కం ఆడతారనుకున్నాను. ఆడలేదు. “సరేనండి,” అని మెట్లు దిగి వెళ్లిపోయారు.

సభ సాకు. ఆ వాకిట్లో నిలబడి ఆమె మొహం చూసే ధైర్యం నాకు లేదు. బాపట్లలో నేను మాట్లాడుతుండగా ఒకాయన లేచి, “ఆ ప్రశ్న అడిగినవాడు మనిషేనాండీ?” అని అడిగాడు. వ్యాపార వినోదానికి హృదయం ఉండదని జవాబిచ్చాను. చప్పట్లు కొట్టారు. దాదాపు అదే సమయానికి రేపల్లె అవతల ఆ గాజులు చిట్లాయి. ఒక్కరే వెళ్లిన జిలానీ గారిని దడి అవతలికి నెట్టేశారట.

ఆ ప్రశ్న మీద గొడవ ముదిరి, కేబుల్ యజమాని కార్యక్రమం ఆపేశాడు. పత్రికలవాళ్లు అడిగితే ఆయన, “నా నోట్లోంచి వచ్చిందండి. నాదే,” అన్నారు. నా చేతిరాతతో ఉన్న కాగితం ఆయన దగ్గరే ఉంది. ఎదుటివాణ్ణి ఆధారం చూపించమని జీవితమంతా నిలదీసినవాణ్ణి నేను. ఉన్న ఒక్క ఆధారాన్నీ బయటికి తియ్యనివాడు ఆయన. మళ్లీ ఆటో మైకు పట్టుకున్నారు. బజార్లో కనిపిస్తే, “ఏంటి హేతువాది గారూ, టిఫిన్ అయిందా?” అనేవారు. అంతే. తిడితే బాగుండునని ఎన్నేళ్లు ఎదురుచూశానో. పోయిన నెల ఆయన చనిపోయారు. అంత్యక్రియలకి వెళ్లి, ఖబరస్తాన్ వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను.

అందుకే ఇవాళ ఈ ప్రయాణం. రేపల్లెలో దిగి ఆటోలో పల్లెకి చేరేసరికి నాగేంద్రమ్మ ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. జుట్టు సగం నెరిసింది. నేనెవరో, ఏం చేశానో మొత్తం చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

“తెలుసు బాబూ.”

“ఆయన చెప్పారా?”

“ఆయనెందుకు చెబుతాడు? ఏటా ఒకసారి వచ్చేవోడు, కాసేపు కూర్చునేవోడు, నాలుగు ఎండుచేపలు పట్టుకెళ్లేవోడు. ఆ మాట ఎత్తేవోడు కాదు. ఆ రోజు అంతసేపూ నా మొహం చూసే మాట్లాడాడు. ఆ ఒక్కటీ అడిగేప్పుడు మాత్రం జేబులోంచి కాగితం తీసి, చూసి అడిగాడు. ఇది ఈయన మాట కాదులే అని అప్పుడే అనుకున్నా.”

“మరి ఎవరికీ చెప్పలేదేమ్మా?”

“నన్నెవరడిగారు?” అని, ఒక చేప తిరగేసి, “రాసినోడు వస్తాడేమో అని మాత్రం చూశా. చాన్నాళ్లు పట్టింది నీకు,” అంది.

తిరుగు బండిలో నా సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆమెకిద్దామని తీసుకెళ్లిన నా పుస్తకం అందులోనే ఉంది. ఇవ్వలేకపోయాను. వితంతువుల గాజుల గురించి నేను రాసిన ఆ పుస్తకంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇవాళైనా మళ్లీ అదే రాస్తాను. కాని అది ఒక్క రోజు, ఒక్క వాకిట్లో, ఒక్క మనిషికి అవసరమైంది. దాన్ని అక్కడికి తీసుకెళ్లాల్సినవాణ్ణి ఆ రోజు బాపట్లలో చప్పట్లు వింటూ నిలబడ్డాను.