అవ్వ పలకని పేరు

దక్షిణాఫ్రికాలోని స్టాంగర్‌ ఊళ్లో మేమున్న గదుల కింద షాపు నడిపిన అవ్వ గత గురువారం పొద్దున కన్నుమూసింది. టీ కలుపుకుని, తాగకుండానే కుర్చీలో ఒరిగిపోయిందట. పక్క కొట్టు ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. ఆమె నాకు చుట్టం కాదు. అయినా డర్బన్‌లో మా కాలేజీ లైబ్రరీలో రెండు రోజులు ఒకే పేజీ తెరిచి కూర్చున్నాను.

ఇక్కడ తెల్లవాళ్ల పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటి ఏడాది నాన్నకు స్టాంగర్‌ బడిలో ఉద్యోగం దొరికింది. విశాఖలో కాన్వెంటు చదువు ముగించుకుని, అమ్మతో కలిసి నేనూ వచ్చాను. అవ్వ షాపు మీది రెండు గదుల్లో అద్దెకు దిగాం. మన వైపు నుంచి చెరకు తోటల్లోకి ఒప్పందపు కూలీలుగా వచ్చినవాళ్ల మనవరాలు ఆమె. తిట్లకు, తిండికి, దేవుడికి సరిపడా తెలుగు మిగిలింది. షాపుకొచ్చేవాళ్లతో ఇక్కడి జూలూ భాషలో గడగడా మాట్లాడేది. నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. మధ్యాహ్నాలు అవ్వ మెట్ల కింద నిలబడి చీపురు కర్రతో మెట్టును రెండుసార్లు కొట్టేది. దిగి రమ్మని.

"ఏటే గుంటా, బుక్కు తినేసినావా? రా, రొట్టి తిను."

ఆ కట్టడాన్ని చూడటానికి ఎవరూ ఆగరు. ఎర్ర ఇటుక గోడ, రేకుల కప్పు, వీధివైపు చెక్క స్తంభాల వసారా. షాపు లోపలి కప్పుకు మాత్రం పువ్వులు అచ్చొత్తిన తగరపు రేకులు. శనివారం సాయంత్రాలు అవ్వ బల్లెక్కి, కర్రకు తడిగుడ్డ చుట్టి ఒక్కో పువ్వూ తుడిచేది. ఎందుకంత కష్టమని అడిగితే, "పాతదంటే ఏటనుకున్నావు? ఇంకా పన్జేస్తన్నాదని" అనేది.

వెనక సామాన్ల గది ద్వారబంధం మీద ఉలితో చెక్కిన తెలుగు అక్షరాలున్నాయి. ఆ ఇంట్లో వాటిని చదవగలిగినవాళ్లు పోయి చాలా ఏళ్లయింది. ఒకరోజు నేను పైకి చదివాను. ఒక పేరు, కింద 'కట్టినవాడు' అని. అవ్వ గబుక్కున నా నోరు మూసింది. ఆమె చెయ్యి కిరోసిన్ వాసన వేసింది.

"అయ్యో, మా మావగారి పేరే అది! పెద్దోళ్ల పేరు అలా అరుత్తారేటి?"

ఆమె కాపురానికి వచ్చేనాటికే ఆ మామగారు లేరు. అయినా కోడలు మామగారి పేరు పలకకూడదు. ఆమెకు ఆయన పెద్దాయనే.

షాపు ఆమె ఒక్కదానిది కాదు. డర్బన్ పక్క చాట్స్‌వర్త్‌లో ఉండే మరిది కొడుకులు దాన్ని ఒక వ్యాపారికి అమ్మడానికి ఒప్పుకున్నారు. ఆయన దాన్ని కూల్చి కార్లు నిలిపే చోటు చేస్తాడట. పాత కట్టడం గనక ఊరి కమిటీ అనుమతి కావాలి. కమిటీ సరేనంటే షాపు వెనకే కాపురమున్న అవ్వ పెట్టె సర్దుకుని మరిది కొడుకుల ఇంట్లో ఓ మూల గదికి పోవాలి. కూల్చవద్దని అర్జీ నేనే రాశాను. ఇటుకలు, వసారా, తగరపు పువ్వులు అన్నీ పెట్టాను. కట్టినవారి పేరు దగ్గర మాత్రం పెద్దాయన అనే రాయమని అవ్వ పట్టుబట్టింది. రాశాను.

విచారణ టౌన్ హాల్లో. ఒకప్పుడు తెల్లవాళ్లకే వదిలిన ఆ హాలు ముందు గుమ్మంలోంచి అవ్వ నడవడం అదే మొదటిసారి. ఎవరు కట్టారో కూడా తెలియని రేకుల కొట్టు అది, అందులో కాపాడటానికి ఏముందని వ్యాపారి తరఫు మనిషి అన్నాడు.

కమిటీ అధ్యక్షురాలు అవ్వవైపు తిరిగింది. "ఎవరు కట్టారమ్మా? పేరు చెబితే పాత లైసెన్సుల రిజిస్టరులో వెతికిస్తాను."

"పెద్దాయన."

"ఏ పెద్దాయన?"

"మావోరి నాయన."

"ఆయన పేరు?"

అవ్వ కొంగు తల మీదికి లాక్కుంది. వ్యాపారి మనిషి నవ్వాడు. "చూశారా, ఈమెకే తెలీదు."

బల్ల కింద అవ్వ నా మోచేతిని గట్టిగా గిల్లింది. లేచాను. పేరు చెప్పాను, ఎక్కడ చెక్కి ఉందో చెప్పాను. వినబడలేదంటే అక్షరం అక్షరం విడదీసి మళ్లీ చెప్పాను. అంతసేపూ అవ్వ రెండు చెవులూ మూసుకునే ఉంది. గుమాస్తా రిజిస్టరు తెచ్చి, వేలు జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. బియ్యం, బట్టలు, దీపం నూనె అమ్మడానికి ఆయన పేరున ఇచ్చిన లైసెన్సు.

"గొప్పవాళ్ల ఇళ్లు చాలానే కాపాడాం. ఒప్పందపు కూలీ గడువు తీరిన మనిషి కట్టుకున్న షాపు ఈ వీధిలో ఇదొక్కటే మిగిలింది" అంది అధ్యక్షురాలు. కూల్చడానికి అనుమతి ఇవ్వలేదు.

ఇంటికి నడుస్తుంటే అవ్వ నవ్వు ఆపుకోలేకపోయింది. "పేరు నువ్వన్నావు. పాపం నీది, షాపు నాది! ఆ కాన్వెంటు సిస్టర్లు నీకు మాట నేర్పనేదనుకున్నాను. బాగానే అరిచినావు."

అంత్యక్రియలకు వెళ్లాను. తిరిగి వస్తూ షాపు వీధిలోకి మళ్లేసరికి వాన పట్టుకుంది. షాపు తలుపులు మూసి ఉన్నాయి. చెరకు కోత నుంచి వచ్చే ఆడవాళ్లు, షేర్ టాక్సీ కోసం చూస్తున్న బడిపిల్లలు, చంకలో రొట్టె తడవకుండా పట్టుకున్న ఒక ముసలాయన, అందరూ అవ్వ షాపు వసారాలోకి చేరారు. నేను వీధి దాటి పరుగెత్తుకొస్తుంటే ఒకామె తన సంచీని కాలితో పక్కకు జరిపి, గోడకు అతుక్కుని, నాకు చోటిచ్చింది.