బస్సు మెట్ల మీద జట్టు ఎంపిక

మొన్న మేడ్చల్‌లో మా కాలనీ పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పడానికి ఒప్పుకున్నాను. మొదటి రోజే ఒక తండ్రి నన్ను ఎగాదిగా చూసి, "మీరు ఎందాక ఆడిన్రు సార్?" అన్నాడు. "ఫైనల్ దాకా" అన్నాను. అబద్ధం కాదు. ఫైనల్లో బెంచీ దాకా.

అది 2012. నేను పదో తరగతి. రాష్ట్రస్థాయిలో ఆడిన మా పీఈటీ సార్ ఏడాది మధ్యలో ఉద్యోగం మానేశారు. కొత్తవారు దొరకలేదు. మా ప్రాక్టీసు అయ్యేదాకా ఎలాగూ ఆగాల్సినవాడే కదా అని, స్కూలువాళ్లు ఆ పని బస్సు డ్రైవర్ చాచాకు అప్పగించారు. లాల్‌గడి మలక్‌పేట్ మనిషి. ఆరేళ్లుగా కోర్టు పక్కన బస్సు ఆపి, స్టీరింగ్ మీద గడ్డం ఆనించి మా ఆట చూసినవాడు. బంతిని మాత్రం సీటు కిందికి దొర్లినప్పుడే ముట్టుకున్నవాడు. మ్యాచ్ రోజున తలుపు దగ్గర నిలబడి, మేం ఒక్కొక్కరం దిగుతుంటే చూసేవాడు. అదే జట్టు ఎంపిక. టైర్లలో గాలి చూసినట్టు చూస్తాడని నేను అందరినీ నవ్వించేవాణ్ని.

ఫైనల్ కీసరలో. స్కూల్లో నాకదే చివరి మ్యాచ్. మూడు రోజుల కిందటే చీలమండ బెణికింది. వాపు మీద రెండు సాక్సులు తొడిగి ఎవరికీ చెప్పలేదు.

"నువ్వు బైట కూసో బేటా" అన్నాడు చాచా, నేను ఆఖరి మెట్టు దిగకముందే.

"ఎందుకు చాచా?"

"రోజు దుంకుతవ్. ఇయ్యాల రాడ్ పట్టుకొని కొత్త పెండ్లికూతురు లెక్క దిగుతున్నవ్."

అందరూ నవ్వారు. నవ్వించడం నా శాఖ కాబట్టి మరింత మండింది. "నువ్వెప్పుడన్న ఆడినవా? ఫైనల్ల బైట కూసునుడు ఎట్లుంటదో నీకేమెర్క?" అన్నాను.

చాచా మాత్రం నిదానంగా, "ఆడుడు నాకెర్క లేదు. బైట కూసునుడంటవా, ఆరేండ్ల సంది గదే పని" అన్నాడు.

సినిమా అయితే చివరి నిమిషంలో నన్ను పిలిచేవారు. ఎవరూ పిలవలేదు. నాలుగు పాయింట్లతో ఓడిపోయాం. తిరుగు ప్రయాణంలో చాచా నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, సోడా బండి దగ్గర అడిగి తెచ్చిన ఐసుగడ్డను తన తువ్వాలులో చుట్టి కాలికి కట్టాడు. షామీర్‌పేట దాటేదాకా నేను ఒక్క జోకూ వేయలేదు. నా జీవితంలో అదొక రికార్డు.

పీఈటీ సార్ ఉంటే పట్టీ కట్టి ఆటలోకి దింపేవారు. ఆయనా అలాగే ఆడి మోకాలు పోగొట్టుకున్నారు. అలాగని ఆడినవాళ్లకేమీ తెలియదనలేను. నాకు షాట్ వేయడం నేర్పింది ఆయనే. చాచా నేర్పి ఉంటే బంతి ఇప్పటికీ బస్సు టాప్ మీదే ఉండేది.

ఇప్పుడు పిల్లలు ఆటోలు దిగుతుంటే నా చూపు ముందు వాళ్ల పాదాల మీదికే పోతుంది. ఆ రోజు బెంచీ మీద ఎంతకీ కదలని ఆ కాసేపు, ఇన్నేళ్లయినా నాకింకా పూర్తిగా గడవలేదు.